సౌరకుటుంబం నమూనా: మీటరు చార్టులో భూమి ఎందుకు కనబడటం లేదు?

మీటరు పొడవు చార్టు మీద సౌరకుటుంబాన్ని స్కేలు ప్రకారం గీస్తే భూమి కనబడటం లేదని, లెక్క ఎక్కడ తప్పిందని అడిగారు కదా, మీ లెక్క తప్పు కాదండీ. మీటరు చార్టులో ఒక కొసన సూర్యుడు, రెండో కొసన నెప్ట్యూన్ పెడితే సూర్యుడే 0.3 మిల్లీమీటర్లు, భూమి అందులో నూరో వంతు. పాఠ్యపుస్తకాల బొమ్మల్లో సైజుకొక స్కేలు, దూరానికొక స్కేలు వాడతారు, చిక్కంతా అక్కడే.

చార్టు వదిలేసి మైదానానికి రండి. 1 సెంటీమీటరుకి లక్ష కిలోమీటర్లు పెట్టుకోండి. సూర్యుడికి 14 సెంటీమీటర్ల వెడల్పున గుండ్రంగా అట్ట కత్తిరించండి. భూమి 1.3 మిల్లీమీటర్లు, చిన్న ఆవగింజ చాలు. 15 మీటర్ల అవతల అంటించండి. చంద్రుడు దానికి 3.8 సెంటీమీటర్ల దూరంలో పెన్సిల్ చుక్క. గురుడు 1.4 సెంటీమీటర్లు, 78 మీటర్ల దగ్గర. నెప్ట్యూన్ 450 మీటర్ల దూరంలో, అంటే బడి గేటు దాటిపోవచ్చు! టేపు లేకపోతే 75 సెంటీమీటర్ల అంగలతో భూమికి 20, నెప్ట్యూన్‌కి 600.

మీరే లెక్క కట్టేటప్పుడు వ్యాసార్ధాన్ని వ్యాసం అనుకోవడం, కోటికి సున్నాలు తప్పడం లాంటి పొరపాట్లు రావచ్చు, ఈ రెండూ సరిచూడండి.

ఈ స్కేల్లో వెలుతురు సెకనుకు 3 సెంటీమీటర్లే, దాదాపు చీమ నడక. సూర్యుడి తర్వాత మనకు దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ మాత్రం సుమారు 4,000 కిలోమీటర్ల అవతల. కాశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా కొలిచినా చాలదు.