కొత్త గడ్డి మిషన్‌కి మొదటి రెండు మూడు ట్యాంకులు

చిన్నా,

పెట్రోల్‌తో నడిచే, చేత్తో పట్టుకుని గడ్డి కోసే మిషన్ కొన్నావట, మంచి పని చేశావు. డబ్బా విప్పగానే తాడు లాగేయకు. ముందు అది టూ స్ట్రోకా, ఫోర్ స్ట్రోకా చూసుకో. ఫోర్ స్ట్రోక్ అయితే ఇంజన్‌లో ఆయిల్ విడిగా పోయాలి, అది పోయకుండా స్టార్ట్ చేస్తే ఇంజన్ పట్టేస్తుంది, అంతే సంగతులు. నీది పెట్రోల్‌లోనే ఆయిల్ కలిపి పోసే టూ స్ట్రోక్ అనుకుని మిగతాది రాస్తున్నాను.

పెట్రోల్‌లో ఆయిల్ ఎంత కలపాలో పుస్తకంలో ఉంటుంది. 50:1 అని ఉంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25:1 అని ఉంటే 40. కళ్లతో అంచనా వేయకు, కొలిచి పొయ్యి. కొత్త మిషన్ కదా, కాస్త ఎక్కువ ఆయిల్ పోస్తే మంచిదని ఎవరో ఒకరు చెప్తారు, వినకు. ఆయిల్ పెరిగితే ఆ మేరకు పెట్రోల్ తగ్గుతుంది, పైగా స్పార్క్ ప్లగ్ నల్లబడి, సైలెన్సర్‌లో మసి పేరుకుంటుంది. ట్యాంకులో పోసే ముందు క్యాన్ బాగా కుదుపు. పోసిన చోటే స్టార్ట్ చేయకుండా కనీసం మూడు మీటర్లు పక్కకు జరుగు.

చల్లటి ఇంజన్‌కి చోక్ (గాలి తగ్గించి పెట్రోల్ ఎక్కువ అందేలా చేసే మీట) వేసి, తాడు బిగువు తగిలేదాకా మెల్లగా లాగి, అక్కడి నుంచి ఒక్క గుంజు గుంజు. తాడు చివరిదాకా లాగకు. ఇంజన్ ఒకసారి 'టప్' మని ఆగిపోతుంది చూడు, అప్పుడు చోక్ తీసేసి మళ్లీ లాగు. తీయకపోతే పెట్రోల్ నిండిపోయి ఎంత లాగినా స్టార్ట్ కాదు, చేయి మాత్రం పడిపోతుంది. మొదట్లో పొగ కాస్త ఎక్కువొస్తే టెన్షన్ పడకు.

ఇక అసలు సంగతి. పిస్టన్ రింగు, సిలిండర్ గోడ ఇంకా ఒకదానికొకటి ఒరుసుకుని కుదురుకోలేదు. అవి కుదురుకోవాలంటే రింగు గోడకు గట్టిగా ఆనాలి, అలా ఆనించేది లోపల మండే గ్యాస్ ఒత్తిడే, ఆ ఒత్తిడి ఇంజన్ పని చేస్తున్నప్పుడే వస్తుంది. అందుకే గంటసేపు ఊరికే ఐడ్లింగ్‌లో, అంటే రేస్ ఇవ్వకుండా, వదిలేయడం వల్ల ఒరిగేదేమీ లేదు. అలాగని గడ్డి లేని చోట ఫుల్ రేస్ ఇచ్చి గీ పెట్టించడం అంతకన్నా చెడ్డది, మొదటి మూడు ట్యాంకుల దాకా ఆ పని అస్సలు చేయకు. లేత గడ్డి మీద మొదలుపెట్టు, కోసేటప్పుడు రేస్ ఇవ్వు, పక్కకు తిప్పగానే వదిలెయ్. కొత్తది కదా అని సగం రేస్‌తో మెల్లగా కోస్తారు కొందరు, అది ఇంకో తప్పు, ఎందుకంటే గడ్డి కోసే తల సరిగ్గా తిరగక, ఇంజన్‌ని దానికి కలిపే క్లచ్ జారుతూ కాలిపోతుంది. ముదురు గడ్డి, పొదలు తర్వాత చూసుకోవచ్చు.

గడ్డి కోసే నైలాన్ తాడు గార్డు (తల పైనుండే అడ్డు కవర్) దాటి పొడుగ్గా వదలొద్దు. ఎక్కువ పని అవుతుందని కొందరు గార్డు పీకేసి మరీ తాడు పెంచుతారు, ఆ బరువంతా మోసేది ఇంజనే, ఎగిరిన రాయి తగిలేది నీ కాలికే! కళ్లద్దాలు పెట్టుకో, పిల్లల్ని 15 మీటర్ల అవతలే ఉంచు.

బాగా కోసిన వెంటనే టక్కున ఆపేయకు. ఒక నిమిషం ఐడ్లింగ్‌లో తిరగనిస్తే ఫ్యాన్ గాలికి వేడి దిగుతుంది. మొదటి ట్యాంకు అయ్యాక, చల్లారనిచ్చి, సైలెన్సర్ బోల్టులు, హ్యాండిల్ స్క్రూలు ఒకసారి బిగించు, వైబ్రేషన్‌కి అవి వదులవుతాయి. ప్లగ్ విప్పి చూస్తే లేత గోధుమ రంగులో ఉండాలి. నల్లగా తడిగా ఉంటే ఆయిల్ కొలత మళ్లీ చూసుకో. కార్బురేటర్ స్క్రూల జోలికి మాత్రం వెళ్లకు, రేస్ వదిలినా తల తిరుగుతూనే ఉంటే అప్పుడు ఐడ్లింగ్ స్క్రూ ఒక్కటే వేగం తగ్గేలా కొంచెం తిప్పు.

మిగిలిన పెట్రోల్ నెల దాటితే వాడొద్దు. కొన్నాళ్లు మిషన్ ముట్టుకోననుకుంటే ట్యాంకు వంపేసి, ఇంజన్ తనంతట తానే ఆగేదాకా నడిపి అప్పుడు పక్కన పెట్టు.

మీ బాబాయి