బేరం ఎక్కడమ్మా?

చిత్తూరు,
ఆదివారం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం అందింది. తిరుపతిలో నాణేల ప్రదర్శనకు మీ చిన్నాన్న వెంట వెళ్లి, పొద్దున్నించి సాయంత్రం దాకా ఆయన పక్కనే ఉండి రాశానన్నావు. మొహమాటం లేకుండా చెప్పమన్నావు కాబట్టి చెబుతున్నాను. ఇందులో నాణేలన్నీ ఉన్నాయి, బేరం లేదు.

ముందు మొదటి మూడు పేజీలు తీసెయ్. శాతవాహనుల సీసం నాణేల దగ్గర మొదలుపెట్టి, విజయనగరం మీదుగా, ఈస్ట్ ఇండియా కుంపిణీ వాళ్లను పలకరించి, 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చేదాకా నడిపించావు. అవన్నీ సరైన సంగతులే, కాదనను. కానీ ప్రదర్శన జరిగిన ఆ కల్యాణ మంటపంలో అడుగుపెట్టక ముందే నీకు తెలిసిన సంగతులవి. వాటికోసం సెలవురోజు పొద్దున్నే లేచి వెళ్లక్కర్లేదు, ఇంట్లో కూర్చుని రాయొచ్చు. ఇక "నాణెం చరిత్రకు నిలువుటద్దం" అన్న మొదటి వాక్యం నీది కాదు. స్కూల్లో వ్యాసరచన పోటీకి ఎవరో నీచేత బట్టీ పట్టించింది.

నాలుగో పేజీలో మీ చిన్నాన్న ఒక టేబుల్ ముందు స్టూలు లాక్కుని కూర్చుని, విక్టోరియా రాణి వెండి రూపాయిని అంచులు పట్టుకుని తిప్పి చూస్తాడు. నీ వ్యాసం అక్కడ మొదలవుతుంది. "ఎంత?" అంటాడు. డీలర్ ఒక అంకె చెబుతాడు. మీ చిన్నాన్న రూపాయిని ట్రేలో పెట్టేసి లేస్తాడు. నువ్వేమో "తర్వాత మేము పక్క టేబుల్‌కు వెళ్లాము" అని దాటేశావు. ఆరో పేజీ చివర, మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన మళ్లీ అక్కడికే వచ్చి అదే రూపాయి కొన్నాడని ఒక ముక్క ఉంది. ఎందుకు లేచాడు? ఎందుకు తిరిగొచ్చాడు? మధ్యలో ఆ రూపాయిని ఇంకెవరైనా ఎత్తుకుపోతారని ఆయనకు టెన్షన్ లేదా? పక్క టేబుల్ దగ్గర ఉన్నంతసేపూ ఆయన కళ్లు ఎటు ఉన్నాయి? నీ దగ్గర ఉన్న కథ ఇదీ. దీన్ని రెండు ముక్కలు చేసి, మధ్యలో ఏ నాణెం ఎక్కడ ముద్రించారో తెలిపే గుర్తుల గురించి, హైదరాబాద్ టంకశాల నక్షత్రం గుర్తు, ముంబై వజ్రం గుర్తు, నోయిడా చుక్క, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా అంటూ పాఠం చెప్పావు.

మార్కెట్‌లో వంకాయలు బేరమాడేటప్పుడు ఇద్దరికీ సరుకు సంగతి తెలుసు, ధర దగ్గరే పేచీ. నాణేల టేబుల్ దగ్గర అలా కాదు. నాకు తెలిసింది అవతలివాడికి తెలుసా లేదా అన్నదే అక్కడ బేరం. మీ చిన్నాన్న చేతిలోది 1862 రూపాయి అని రాశావు. దాని మీద 1862 అని ఉన్నా, అది ఆ ఏడాదే ముద్రించిందని అనుకోవడానికి లేదు. 1874లో మళ్లీ కొత్త సంవత్సరం వేయడం మొదలుపెట్టేదాకా అదే 1862 వేస్తూ పోయారు. కొన్నిటి మీద బొరుసు వైపు సన్నటి చుక్కలుంటాయి. అవి ఎన్ని, ఎక్కడ అన్నదాన్ని బట్టి రకాలు. కొన్ని ప్రతి ట్రేలోనూ దొరుకుతాయి, కొన్నిటికోసం సేకరించేవాళ్లు ఊళ్లు పట్టుకు తిరుగుతారు. చిన్నాన్న జేబులోంచి భూతద్దం తీశాడని రాసి, "రాణి ముఖాన్ని తన్మయత్వంతో చూశాడు" అన్నావు. నా అనుమానం, ఆయన రాణి ముఖం వైపే చూసి ఉండడు. చుక్కలు లెక్కపెట్టి ఉంటాడు. లెక్కపెట్టి, తన ముఖంలో ఏమీ కనబడనీయకుండా "బాగా అరిగిపోయింది సామీ" అని పెట్టేసి ఉంటాడు. అడిగి తేల్చుకో. తన్మయత్వం అన్న మాట మాత్రం కొట్టెయ్.

ఇంకో సంగతి కూడా తేలాలి. ఆ డీలర్‌కు చుక్కల సంగతి తెలుసా? తెలిసే ఆ ధర చెప్పి ఉంటే, మీ చిన్నాన్న లేచిపోవడం చూసి లోపల నవ్వుకుని ఉంటాడు. తెలియకపోతే, చిన్నాన్న తిరిగి రావడం చూసి అనుమానపడి ఉంటాడు. వచ్చినవాడు మళ్లీ వచ్చాడంటే ఏదో ఉంది కదా. అందుకే కొందరు తిరిగొచ్చినప్పుడు కావలసింది వదిలేసి ముందు పక్కనున్న అణా బిళ్లల ధర అడుగుతారు. మీ చిన్నాన్న ఏం అడిగాడు? నీ నోట్‌బుక్‌లో ఉంటే సరే. లేకపోతే ఆయన ఇంటికి వెళ్లి, కాఫీ తాగుతూ మొత్తం బేరం మాటకు మాట చెప్పించుకో. డీలర్ చెప్పిన ధర, చిన్నాన్న అడిగిన ధర, చివరికి తెగిన ధర మూడూ రాయి. నువ్వు "తగిన ధరకు కొన్నాడు" అని రాసి ఊరుకున్నావు. అది తగిన ధరో కాదో చదివేవాడు తేల్చుకుంటాడు.

అంటే నీకు నాణేల గురించి తెలియాలి. నీకు తెలిసిందంతా కాగితం మీదికి రావాలని కాదు. ఎవరు దేనికోసం చూస్తున్నారో నీకు పట్టుబడడానికి. అయిదో జార్జి రూపాయిల ట్రేలో ఒకతను సంవత్సరాలు మాత్రమే చూసుకుంటూ గబగబా తిరగేస్తున్నాడని రాశావు. బాగా గమనించావు. బహుశా 1911 కోసం. ఆ ఏడాది రూపాయి మీద రాజుగారి గొలుసులో చెక్కిన ఏనుగు పందిలా కనబడిందని ముస్లింలు అభ్యంతరం చెప్పడంతో, మరుసటేడు ఆ బొమ్మ సరిదిద్దారు. 1911వి చాలావరకు కరిగించేశారు. ఇది తెలిస్తే అతని వేళ్ల తొందర నీకు అర్థమవుతుంది. తెలియకపోతే "ఆత్రంగా వెతుకుతున్నాడు" దగ్గర ఆగిపోతావు, ఆగిపోయావు కూడా.

ఇప్పుడు నీ వ్యాసంలో అన్నిటికన్నా మంచి చోటు. దాన్ని నువ్వు ఒక్క వాక్యంలో పాడు చేశావు. "పుత్తూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన నకిలీ నాణెం చూపించి నవ్వులపాలయ్యాడు." ఎవరు నవ్వారు? డీలర్ నవ్వాడా, చుట్టూ ఉన్నవాళ్లా, నువ్వా? ఒకవైపు హనుమంతుడు, రెండోవైపు ఈస్ట్ ఇండియా కంపెనీ పేరు, 1818 అన్నావు. హనుమంతుడి బొమ్మతో కుంపిణీ ఎన్నడూ అణాలు ముద్రించలేదు. తర్వాతి కాలంలో ఎవరో అమ్ముకోవడానికి చేసిన బిళ్లలు అవి. 1616 అని వేసినవి కూడా తిరుగుతుంటాయి. (పూజగదిలో పెట్టుకునే, రాముడి బొమ్మ ఉన్న రామటెంకిల దారి వేరు. వాటిని ఎవరూ కుంపిణీ డబ్బు అని చెప్పి పెట్టుకోరు.) ఆ పెద్దాయనకు దాన్ని ఎవరిచ్చారు? ఎంతకు కొన్నాడు? అది బియ్యపు గింజల్ని లాగుతుందని, అందులో ఇరిడియం అనే అరుదైన లోహం ఉందని, లక్షలకు కొనేవాళ్లున్నారని నమ్మించి డబ్బు గుంజే ముఠాల వార్తలు తెలుగు పేపర్లలో ఎన్ని రాలేదు! రైస్ పుల్లింగ్ అనే ఆ మోసంలో పొలాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. ఆయన ఆ దారిలో వచ్చాడో, తాతల నాటి పెట్టెలో దొరికితే తెచ్చాడో మనకు తెలియదు. అయినా పైపంచె కొంగున ముడి వేసుకుని తెచ్చాడని నువ్వే రాశావు. అంత జాగ్రత్తగా తెచ్చుకున్నవాడికి అది ఉత్త రేకు ముక్క అని డీలర్ ఎలా చెప్పాడు? రోజుకు ఎంతమందికి చెప్పాల్సి వస్తుందో ఆ మాట! కొందరు విసుక్కుంటారు. ఇంకొందరు "ఉంచుకో పెద్దాయనా, దేవుడి బొమ్మ కదా, ఇంట్లో పెట్టుకో" అంటారు. నీ డీలర్ ఏమన్నాడో గుర్తు తెచ్చుకుని ఆ మాటే రాయి. ఆ తర్వాత పెద్దాయన దాన్ని మళ్లీ ముడి వేసుకున్నాడా, అక్కడే వదిలేశాడా? ఇది తెలిస్తే అర పేజీ. తెలియకపోతే ఉన్న వాక్యం కూడా తీసెయ్యడమే న్యాయం.

చింతపండుతో తోమి తళతళలాడించి తెచ్చిన వెండి రూపాయిల ఆవిడ గురించి రాసింది బాగుంది. డీలర్ "అమ్మా, తోమేశారే!" అని తల పట్టుకోవడం (తోమితే పాత నాణెం విలువ పడిపోతుంది కదా), ఆవిడకు తన తప్పేంటో అర్థం కాకపోవడం, ఒక్క వాక్యం కూడా మార్చకు. ఒక్కటే, ఆ రూపాయి తూకం 11.66 గ్రాములు అని రాసినచోట సరిగ్గా తులం అని కూడా చేర్చు. మన ఇళ్లలో ఒకప్పుడు రూపాయెత్తు అంటూ తూచిన లెక్క అదే.

"మా పొలంలో దొరికింది" అని ఒకతను చిన్నాన్న చెవిలో గుసగుసలాడిన ఘట్టం జాగ్రత్త. నువ్వు దాన్ని నిధి కథలా రాశావు. 1878 నాటి చట్టం ప్రకారం భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కు తెలపాలి. ఆ చట్టం ఇప్పటికీ ఉంది. అందుచేత అతను నిజం చెబుతున్నట్టయితే చిక్కు, అబద్ధం చెబుతున్నట్టయితే అది అమ్మడానికి వేసే ఎత్తు. రెండోదే ఎక్కువ. మీ చిన్నాన్న "వద్దు" అని చేయి ఊపి నడిచాడన్నావు. ఆయన ఒక్క క్షణం కూడా ఆగలేదన్నది నాకు నచ్చింది. నిధి వర్ణన తీసేసి ఆ ఊపిన చేయి ఉంచు.

అయిదు రూపాయల వైష్ణోదేవి బిళ్లకు లక్షలిస్తారట కదా అని అడిగిన కుర్రాళ్ల సంగతి రెండు వాక్యాలు చాలు. పాత నాణేలు కొంటామంటూ రిజర్వ్ బ్యాంక్ పేరు వాడుకుని మోసం చేస్తున్నారని ఆ బ్యాంకే 2021లో హెచ్చరించింది. ఈ గొడవ అందరికీ తెలిసిందే.

వేంకటపతి రాయల వరహా దగ్గర నువ్వు తడబడ్డావు. చంద్రగిరి నుంచి ఏలిన రాజు వేసిన బంగారు నాణెం, మీద తోరణం కింద నిలబడ్డ వేంకటేశ్వరుడు, వెనక నాగరి లిపిలో "శ్రీ వేంకటేశ్వరాయ నమః". తిరుపతి అమ్మాయివి, అది తిరుపతిలోనే చూశావు, ఒళ్లు పులకరించిందన్నావు. పులకరించే ఉంటుంది, నేను కాదనను. కానీ చదివేవాడికి అది ఎంత చిన్నదో చెప్పలేదు. వరహా అంటే అందరూ అరచేయంత ఊహించుకుంటారు. మూడున్నర గ్రాములు కూడా తూగదు, వేలిగోరు కింద దాగిపోతుంది. ఆ కాస్త చోటులో స్వామి నిలువెత్తు రూపం, తోరణం, చేతులు. అది చెప్పాక, అప్పుడు, 1514లో ఉదయగిరి గెలిచి వచ్చిన కృష్ణదేవరాయలు స్వామికి 30,000 బంగారు నాణేలతో కనకాభిషేకం చేయించిన సంగతి ఎత్తు. ఇప్పుడు అది నీ రెండో పేజీలో ఎక్కడో ఒంటరిగా పడి ఉంది. వేలిగోరంత బంగారం చూపించిన వెంటనే చెబితే ముప్ఫై వేలు అన్న అంకెకు బరువొస్తుంది.

మిగతావి చిల్లర సవరణలు. తిరుపతిని "చిత్తూరు జిల్లాలోని" అన్నావు. 2022 ఏప్రిల్ నుంచి అది వేరే జిల్లా. మాకిక్కడ ఇంకా అలవాటు కాలేదు గానీ నువ్వు సరిగ్గా రాయాలి. రూపాయి నోటు మీద రిజర్వ్ బ్యాంక్ గవర్నర్ సంతకం ఉంటుందని రాశావు. అది భారత ప్రభుత్వం వేసే నోటు, సంతకం ఆర్థిక శాఖ కార్యదర్శిది. ఇలాంటి తప్పు ఒకటి దొరికితే, నాణేలు తెలిసినవాడు ఆ పేజీ దగ్గరే నిన్ను నమ్మడం మానేస్తాడు. తమిళం కలిసిన తెలుగులో మాట్లాడిన వేలూరు వ్యాపారి మాటల్ని శుద్ధి చేసి పుస్తకాల భాషలోకి మార్చావు. ఆయన అన్నట్టే ఉంచు, అలాగని నవ్వించడానికి సాగదీయకు. జీవితానికీ నాణేనికీ బొమ్మాబొరుసులున్నాయన్న పేరా, మనిషి విలువా నాణెం విలువా అన్న పేరా, రెండూ పెన్సిల్‌తో కొట్టేశాను.

మీ చిన్నాన్న ఇల్లు ఏ వీధిలోనో, ఆల్బమ్‌లు ఏ బీరువాలో పెడతాడో రాయడం అస్సలు పనికిరాదు. నాణేలు పోగుచేసేవాళ్లకు దొంగల భయం ఎప్పుడూ ఉంటుంది. ఆయన చదివి నవ్వి ఊరుకున్నా, నువ్వు తీసెయ్.

ఇంకొకరిని నువ్వు అసలు వ్యాసంలోకే రానివ్వలేదు, మీ చిన్నమ్మని. సాయంత్రం ఇంటికి చేరాక చిన్నాన్న కొత్త రూపాయిని తీసి చూపించాడని రాశావు, ఆమె ఏమందో రాయలేదు. ఎంత పెట్టాడని ఆమె అడగకుండా ఉంటుందా? వెళ్లి ఆమెను విడిగా అడుగు. అసలు ధర మాత్రం నోరు జారకు. ఆయన తనకు ఏ అంకె చెప్పాడో ముందు ఆమె నోట విను, తర్వాత అది నాలుగో ధరగా మిగతా మూడింటి కింద రాసి నాకు పంపు.

ఆశీస్సులతో,
పెదనాన్న