చర్చలు ఎక్కడ ఆగాయో ముందు చూడు

చిరంజీవి మాధవికి పెదనాన్న ఆశీస్సులు.

విదేశీ వార్తల విభాగానికి మారావనీ, సైనిక స్థావరాలపై చర్చలు నెలల తరబడి కదలకపోతే ఏమి రాయాలో తోచడం లేదనీ రాశావు. "ప్రతిష్టంభన" అని శీర్షిక పెట్టి ఊరుకోకు. అది ఎవరి ఇంట్లో వచ్చిందో కనుక్కో. ఇలాంటి చర్చలు ప్రతినిధుల బల్ల దగ్గర ఆగడం తక్కువ, సొంత రాజధానుల్లో ఆగడమే ఎక్కువ.

హిందూ మహాసముద్రంలోని చాగోస్ దీవుల్లో ఒకటైన, అమెరికా-బ్రిటన్ సైనిక స్థావరం ఉన్న డియెగో గార్సియా సంగతే తీసుకో. మారిషస్‌కు స్వాతంత్ర్యం ఇవ్వకముందే, 1965లో, బ్రిటన్ చాగోస్ దీవులను దాని నుంచి విడదీసి, మరుసటి ఏడాది అమెరికాతో స్థావరం ఒప్పందం చేసుకుంది. ఆ విభజన చట్టబద్ధం కాదని అంతర్జాతీయ న్యాయస్థానం 2019లో అభిప్రాయపడింది. 2022 చివర్లో బ్రిటన్, మారిషస్‌ల మధ్య మొదలైన చర్చలు, దీవులు మారిషస్‌వని ఒప్పుకొని స్థావరాన్ని మాత్రం కొనసాగించాలన్న 2024 అక్టోబరు 3 నాటి ఉమ్మడి ప్రకటన దాకా వచ్చాయి. ఇక సంతకాలే తరువాయి అనుకుంటుండగా, నవంబరు ఎన్నికల్లో మారిషస్ ప్రధాని ప్రవింద్ జుగ్నాథ్ ఓడిపోయారు. కొత్త ప్రధాని నవీన్ రాంగూలం షరతులను తిరగదోడారు. లండన్ ఏమో ట్రంప్ మాట కోసం ఎదురుచూసింది. ఆ నెలల్లో బల్ల దగ్గర జరిగిందేమిటని వెతికినవారికి దొరికింది తక్కువే.

ఒప్పందం చేతికొస్తే ముందుగా సంవత్సరాల సంఖ్య, ఆ తర్వాత డబ్బు చెల్లించే తీరు చూడు. 2025 మే 22న సంతకమైన ఒప్పందంలో బ్రిటన్ డబ్బు చెల్లించి డియెగో గార్సియా స్థావరాన్ని తన చేతిలో ఉంచుకునే గడువు 99 ఏళ్లు. బ్రిటన్ ప్రభుత్వం ఏటా సగటున 10.1 కోట్ల పౌండ్లు అని చెప్పింది, కాని మొదటి మూడేళ్లూ ఏటా 16.5 కోట్లు, తర్వాతి పదేళ్లూ ఏటా 12 కోట్లు. సగటు ఒక్కటే రాస్తే, సొమ్ము ముందుగా చేతికి రావడం మారిషస్‌కు ఎంత ముఖ్యమో పాఠకుడికి అర్థం కాదు.

బల్ల దగ్గర కుర్చీ లేనివారిని మాత్రం మరిచిపోవద్దు. 1960ల చివరి నుంచి 1973 వరకు దీవుల నుంచి వెళ్లగొట్టిన చాగోసియన్లు మారిషస్, సీషెల్స్‌లలో మిగిలారు. తర్వాత చాలామంది గాట్విక్ విమానాశ్రయం దగ్గరి క్రాలీ పట్టణంలో స్థిరపడ్డారు. సంతకాల రోజు తెల్లవారకముందే ఇద్దరు చాగోసియన్ మహిళల తరఫున లండన్ హైకోర్టు తాత్కాలిక నిషేధం ఇచ్చింది, మధ్యాహ్నానికి దాన్ని ఎత్తివేసింది. మిగతా దీవుల్లో పునరావాసానికి ఒప్పందం దారి ఇచ్చింది గాని, డియెగో గార్సియాలో ఇవ్వలేదు. అన్నట్టు, మారిషస్‌లో తెలుగువారున్నారని ఈ వార్తలో ఇరికించకు. ఈ నిర్వాసితుల కథ వేరు.

సంతకమయ్యాక కూడా పార్లమెంటు ఆమోదం అనే గండం ఉంటుంది. అక్కడ ఆగినప్పుడు మళ్లీ "చర్చలు నిలిచిపోయాయి" అని రాయకు, ఆగింది అమలు. ఒప్పందం పూర్తి పాఠాన్ని బ్రిటన్ ప్రభుత్వం ప్రచురించింది. వార్తాసంస్థల కథనాలు తెరిచేముందు అది చదువు.

ఆశీస్సులతో,
పెదనాన్న