ఫిష్ ట్యాంక్ ఫిల్టర్‌కి ఈఎంఐ ఎందుకండీ?

విశాఖపట్నం మధురవాడ నుంచి ఒకాయన అడిగారు. పరవాడ ఫార్మా కంపెనీలో కాంట్రాక్టు ఉద్యోగం, చేతికొచ్చేది 45 వేలు, ఇంటి ఖర్చు 36 వేలు. ఇంట్లో నాలుగడుగుల ఫిష్ ట్యాంకు ఉంది, పదిహేను రోజులకోసారి ఫిల్టర్‌లోని స్పాంజి, సిరామిక్ రింగులు అన్నీ తీసి కుళాయి కింద తళతళలాడేలా కడుగుతున్నా రెండ్రోజులకే నీళ్లు తెల్లగా మసకబారిపోతున్నాయట. షాపాయనేమో కనిస్టర్ ఫిల్టరు (ట్యాంకు బయట పెట్టే మూతున్న డబ్బా ఫిల్టరు), అందులోకి ఇంపోర్టెడ్ బయో మీడియా (రింగుల్లాగా బ్యాక్టీరియా పట్టడానికి వేసే సరుకు), మొత్తం 38 వేలు అన్నాడట. క్రెడిట్ కార్డు మీద 15 శాతం వడ్డీకి 12 నెలల ఈఎంఐ, నెలకి 3,430 పడుతుంది, పెట్టేయమంటారా అని ప్రశ్న. అదే కార్డులో ఇప్పటికే 62 వేలు బాకీ, నెలకి 3,100 మినిమమ్ కడుతున్నారు. 2 వేలు సిప్‌కి, అంటే నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లోకి, పోతోంది. సేవింగ్స్‌లో 11 వేలున్నాయి. చివర్లో ఇంకో మాట రాశారు, నేను జవాబు రాస్తున్నది అసలు దానికోసమే: "ఎమర్జెన్సీకి ఇబ్బంది లేదండి, కార్డులో ఇంకా లక్ష లిమిట్ ఉంది."

బాబూ, లిమిట్ మీ డబ్బు కాదు, బ్యాంకు వాళ్లది. మీ కాంట్రాక్టు ఆగిందని, కట్టడం ఆలస్యమవుతోందని తెలిసిన రోజున ఆ లిమిట్ తగ్గించేది కూడా వాళ్లే, అంటే సరిగ్గా మీకు అవసరం పడ్డప్పుడే అది మాయమవుతుంది. కార్డుతో ఏటీఎంలో క్యాష్ తీస్తే ఫీజు వేరే, వడ్డీ ఆ రోజు నుంచే. పైగా మన ఊళ్లో ఉంటూ ఈ మాట అంటున్నారు! 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, సిగ్నల్ లేదు, ఏటీఎంలు లేవు, పాల ప్యాకెట్‌కైనా నీళ్ల క్యాన్‌కైనా జేబులో నోటు ఉన్నవాడిదే రాజ్యం. ఆ వారం మీ కార్డు ఎక్కడ గీకేవారు?

ఇప్పుడు ఆ 62 వేల సంగతి. నెలకి మూడున్నర శాతం వేసుకున్నా వడ్డీ 2,170, దాని మీద జీఎస్టీ కలిపి 2,560 అవుతుంది, అంటే మీరు కట్టే 3,100లో అసలు తగ్గేది 540. బాకీ అలా నడుస్తున్నంతకాలం కొత్తగా గీకే ప్రతి రూపాయికీ మొదటి రోజు నుంచే వడ్డీ. ఇది తడిసి మోపెడవుతుంటే దీని మీద ఇంకో ఈఎంఐ, అదీ చేపల కోసం! కార్డుకి, సిప్‌కి పోను మీకు నెలకి మిగిలేది 3,900, దాన్ని కూడా ఫిల్టర్‌కి రాసిచ్చేస్తే రేపు పిల్లాడికి జ్వరమొస్తే మళ్లీ ఆ కార్డే కదా.

ఆ 3,430 ఈఎంఐకి కాకుండా కార్డు బాకీకే కట్టండి. నెలకి 6,530 చొప్పున, కొత్తగా ఏమీ గీకకపోతే, ఏడాది మీద ఇంకాస్తలో బాకీ తీరిపోతుంది. సిప్ ఆపండి, కార్డుకి ఏడాదికి 40 శాతం పైగా వడ్డీ కడుతూ సిప్‌లో 12 శాతం రాబడి కోసం ఆశపడ్డం ఏమిటి? ఆ 2 వేలు వేరే అకౌంట్లో వేస్తే ఏడాదికి మీ 11 వేలతో కలిపి 35 వేలు, అంటే దాదాపు ఒక నెల ఇంటి ఖర్చు. బాకీ తీరాక మొత్తం 8,530 అందులోకే మళ్లించండి, ఆరు నెలల ఖర్చు 2,16,000 చేరేదాకా ఇంకో మాట వద్దు. కాంట్రాక్టు ఉద్యోగానికి ఆరు నెలలు అన్నది కూడా తక్కువే. బంగారం మీద లోన్ తీసి కార్డు తీర్చేయొచ్చు, వడ్డీ తక్కువే, కానీ ముందు కార్డు కత్తిరించాలి. కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్ ఉద్యోగంతో పాటే పోతుంది, సొంతది చూసుకోండి, 2025 సెప్టెంబర్ 22 నుంచి దాని మీద జీఎస్టీ కూడా లేదు.

చేపల విషయానికొస్తే, మా ఇంట్లోనూ ట్యాంకు ఉంది కాబట్టి చెప్తున్నా, మీ మీడియాలో లోపం లేదు, మీ కడగడంలోనే ఉంది. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఆ రింగుల్లో, స్పాంజిలో ఉంటుంది, కుళాయి నీళ్లలోని క్లోరిన్ దాన్ని చంపేస్తుంది. మళ్లీ నిలదొక్కుకోడానికి నాలుగు నుంచి ఆరు వారాలు కావాలి, మీరేమో పదిహేను రోజులకే మళ్లీ కడిగేస్తున్నారు. ఇక నీళ్లు మసకబారక ఏం చేస్తాయి? ఇంపోర్టెడ్ మీడియా కొని అలాగే కడిగినా ఇదే కథ.

నీళ్లు మార్చేటప్పుడు ట్యాంకులోంచి తీసిన నీళ్లు బకెట్లో ఉంటాయి కదా, స్పాంజి అందులో రెండుసార్లు పిండండి, రింగులు ఊరికే ముంచి తీయండి, అన్నీ ఒకే రోజు ముట్టుకోవద్దు. కొత్త నీళ్లలో యాంటీ క్లోరిన్ చుక్కలు మర్చిపోకండి. మార్చాల్సింది ఫిల్టర్ కాటన్ ఒక్కటే, అది చవక. యాక్టివేటెడ్ కార్బన్ కొన్ని వారాలకే పనిచేయడం మానేస్తుంది, చేపలకి మందు వేశాక నీళ్లలోంచి ఆ మందు తీసేయడానికి తప్ప నెలనెలా కొనక్కర్లేదు. సిరామిక్ రింగులు పాతబడ్డాయని పారేయకండి, పొడైపోతేనో రంధ్రాలు పూడిపోతేనో అప్పుడు కూడా సగం ఉంచి సగం మార్చండి.

ఎలాగూ ఖర్చు పెట్టాలనుంటే బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు, దానికో స్పాంజ్ ఫిల్టరు కొనండి, స్పాంజిని మాత్రం ఇప్పుడే ట్యాంకులో పెట్టి నడుపుతూ ఉండండి, దాంట్లోనూ బ్యాక్టీరియా పట్టాలి. కరెంటు పోతే మూసి ఉన్న కనిస్టర్‌లో ఆక్సిజన్ కొన్ని గంటల్లోనే అయిపోతుంది, ఎంత ఖరీదైన మీడియా ఉన్నా అంతే. షాపాయన అడ్వాన్స్ ఏమైనా తీసుకున్నాడా? తీసుకునుంటే వెనక్కి అడగండి, ఇవ్వనంటే దాని బదులు ఈ పంపు, స్పాంజి పట్టుకొచ్చేయండి.