ఈడిపస్ నాటకం వేయబోతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మలుకి మామయ్య ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన స్క్రిప్టు ప్రింటు తీయించుకుని రెండుసార్లు చదివాను. నాటక పోటీకి గ్రీకు నాటకకర్త సొఫోక్లిస్ ‘ఈడిపస్ రాజు’ వేద్దామని మీరంతా పూనుకున్నందుకు చాలా సంతోషం. ఫోన్‌లో చెప్పేస్తే సరిపోయేదే. కానీ నువ్వు చివర్లో అడిగిన ప్రశ్న చూశాక కూర్చుని రాయాలనిపించింది. “ఈడిపస్ చేత ఏడుపు ఏ సీన్ నుంచి మొదలుపెట్టించాలి మామయ్యా?” అన్నావు.

ఆ ప్రశ్న ప్రస్తుతానికి పక్కన పెట్టమ్మా. ముందు ఒక పెద్ద తెల్లకాగితం తీసుకుని గళ్లు గీయి. పైన పాత్రల పేర్లు రాయి: థీబ్స్ రాజు ఈడిపస్, రాణి జొకాస్టా, ఆమె సోదరుడు క్రియోన్, గుడ్డి జోస్యుడు టైరీసియస్, కోరింత్ ఊరి నుంచి వచ్చే మనిషి, ముసలి గొర్రెల కాపరి. పక్కన వరసగా సీన్లు రాయి. ఒక్కో గడిలో ఆ సమయానికి ఆ మనిషికి ఏం తెలుసో, ఏం తెలియదో నింపు. రెండు సాయంత్రాలు పడుతుంది. అది పూర్తయ్యేదాకా ఎవరి చేతా డైలాగు బట్టీ పట్టించకు.

ఎందుకంటే ఈ నాటకంలో కొత్తగా జరిగేది చాలా తక్కువ. ఈడిపస్ తన కన్నతండ్రి, పాత రాజు లేయస్‌ని, ఎవరో తెలియకుండానే చంపడం ఎన్నో ఏళ్ల కిందటే అయిపోయింది. కన్నతల్లి అని తెలియక జొకాస్టాతో పెళ్లీ అయిపోయింది, పిల్లలూ పుట్టారు. తెర లేచాక జరిగేదల్లా తెలుసుకోవడమే. ఆ తెలియాల్సినదాన్ని సొఫోక్లిస్ ముక్కలు చేసి ఒక్కొక్కరి చేతిలో ఒక్కో ముక్క పెట్టాడు. తండ్రిని చంపుతావనీ తల్లిని పెళ్లాడతావనీ డెల్ఫీలో దేవుడు చెప్పిన మాట ఈడిపస్‌కి తెలుసు, దారిలో ఒక ముసలాయన్ని చంపిన సంగతీ తెలుసు. తను కన్న పసివాడి కాళ్ల మడమలు బిగించి కొండ మీద పారేయించిన సంగతి జొకాస్టాకి తెలుసు. కోరింత్ మనిషికి తను ఒక పసివాణ్ణి ఎవరి చేతి నుంచి తీసుకున్నాడో తెలుసు, కానీ ఆ జోస్యం సంగతి తెలియదు. జోస్యుడు టైరీసియస్‌ని పక్కన పెడితే, అన్ని ముక్కలూ ఉన్నది గొర్రెల కాపరి దగ్గరే. లేయస్ రాజు వెంట వెళ్లినవాళ్లలో తప్పించుకుని బతికింది వాడొక్కడే, ఆ పసివాణ్ణి కొండ మీదికి మోసుకెళ్లిందీ వాడే. రెండు పనులూ ఒకే మనిషికి అప్పగించడంలో ఎంత పొదుపుందో చూడు. వాడు తిరిగొచ్చి సింహాసనం మీద ఈడిపస్‌ని చూడగానే రాణి చెయ్యి పట్టుకుని, ఊరు కనపడనంత దూరంగా తనను మేతపొలాలకి పంపేయమని బతిమాలుకున్నాడు. జొకాస్టా ఆ సంగతి మామూలుగా చెప్పేసి వెళ్లిపోతుంది. నీ గళ్ల కాగితం ముందుంటే ఆ ఒక్క మాటకి నీకు ఒళ్లు జలదరిస్తుంది.

ఇక ముక్కలు బయటికొచ్చే తీరు చూడు. బయటపెట్టినవాళ్లలో ఒక్కరికీ చెడు చేసే ఉద్దేశం లేదు. జోస్యాలు నమ్మాల్సిన పని లేదని మొగుణ్ణి ఊరడించబోయి జొకాస్టా, లేయస్‌ని మూడు దారులు కలిసేచోట దొంగలు చంపారని చెబుతుంది. ఊరట కోసం అన్న ఆ మాటతోనే ఈడిపస్‌కి భయం పట్టుకుంటుంది. కోరింత్ మనిషి శుభవార్త తెచ్చానన్న ఉత్సాహంతో వస్తాడు. నీ తల్లి గురించి భయమెందుకు బాబూ, నువ్వసలు కోరింత్ రాజు దంపతుల కన్నబిడ్డవే కాదు, అని ధైర్యం చెబుతాడు. ముడి విప్పబోయి ఇంకా బిగించాడు. గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ తన ‘కావ్యశాస్త్రం’లో కథ అడ్డం తిరగడమంటే ఏమిటో చెప్పడానికి తీసుకున్న ఉదాహరణ సరిగ్గా ఈ కోరింత్ మనిషి రాకే. కథ అడ్డం తిరగడం, నిజం గుర్తుపట్టడం ఒకేసారి జరిగితే అంతకన్నా గొప్ప కథనం లేదన్నాడు ఆయన. చివర్లో గొర్రెల కాపరిని అడుగుతారు, బిడ్డని చంపమంటే ఎందుకు ఇచ్చేశావని. “జాలేసింది దొరా” అంటాడు. జాలేసింది! ఈ నాటకంలో నాకు అన్నిటికన్నా బరువైన మాట అది. ఆ ముసలాడి వేషానికి ఎవరో ఒకరులే అని పెట్టకు. మీ బృందంలో బాగా అనుభవం ఉన్న నటుడికి ఇవ్వు.

గళ్లు నింపేటప్పుడు ఒకచోట నువ్వు తప్పకుండా ఆగిపోతావు. జొకాస్టా ఒకే గుక్కలో రెండు సంగతులు చెబుతుంది: మూడు దారుల కూడలి, పసివాడి మడమలు. ఈడిపస్ మొదటిది పట్టుకుని వణికిపోతాడు. రెండోది వాడి చెవికే ఎక్కదు. తన మడమల మీద మచ్చలున్నాయి, తన పేరుకి అర్థమే వాచిన పాదాలవాడని, అయినా ఎక్కదు. తను కోరింత్ రాజు పాలిబస్ కొడుకునని గట్టిగా నమ్ముతున్నాడు కదా, ఇంకెవరి బిడ్డ మడమలో తనకెందుకు? ఇక్కడ మీ నటుడు కాళ్ల వంక చూసుకుంటే సీను పాడైపోతుంది. ఆ మాట వాడు వినకుండా పోవాలి, చూసేవాళ్లు మాత్రం వినాలి.

ఆ రోజుల్లో ఏథెన్స్‌లో డయోనిసస్ దేవుడి పండగకి జరిగే నాటకాల పోటీ చూడటానికి కొండవాలున ఎండలో కూర్చున్న వేలమందికి ఈ కథ ముందే తెలుసు. ముగింపు ఏమవుతుందోనన్న టెన్షన్ వాళ్లకి లేదు. అది మనవాళ్లకి వేరే చెప్పాలా? యుద్ధం ఆగదని పసిపిల్లాడికి కూడా తెలిసి, రాయబారం పద్యాల కోసం తెల్లవార్లూ చాపల మీద కూర్చున్నవాళ్లం. కాబట్టి మీ స్క్రిప్టులో మొదట్లో కలిపిన సస్పెన్స్ సీను తీసెయ్యి. లేయస్ హంతకుణ్ణి పట్టుకుంటేనే ఊళ్లో తెగులు పోతుందని దేవుడి మాట. ఆ హంతకుణ్ణి ఈ ఊళ్లో ఎవరూ ఇంట్లోకి రానివ్వద్దు, వాడు నా ఇంట్లోనే ఉంటే ఆ శాపం నాకే తగలాలి, అని ఈడిపస్ నిండు మనసుతో అంటుంటే జనం గుండె పట్టుకోవాలి. వాళ్లకి ముందే తెలిసుంటేనే అది జరుగుతుంది.

పాత్ర గురించి. మీ నటుడు ఈడిపస్‌ని కోపిష్ఠిగా, అహంకారిగా చేద్దామంటున్నాడని రాశావు. కోపం ఉంది, కాదనను. టైరీసియస్‌తో గొడవ సీన్‌లో కనపడుతుంది కూడా. కానీ అహంకారానికి శిక్ష పడిందని చూపిస్తే నాటకం చిన్నదైపోతుంది. అరిస్టాటిల్ వాడిన ‘హమార్షియా’ అన్న మాటకి చాలామంది దుర్గుణం అని అర్థం చెప్పేస్తారు. ఆయన ఉద్దేశించింది గురి తప్పడం లాంటిది, పొరపాటు. దుర్మార్గం వల్ల కాకుండా ఏదో పొరపాటు వల్ల కూలిపోయిన మనిషినే మనం తలుచుకుని జాలిపడతాం, అది మనకీ జరగొచ్చని భయపడతాం, అంటాడు. ఇంకొకటి, సొఫోక్లిస్ పోయింది క్రీ.పూ. 406 ప్రాంతంలో, అరిస్టాటిల్ పుట్టింది 384లో. ఆ పుస్తకం ముందు పెట్టుకుని సొఫోక్లిస్ రాయలేదు. అరిస్టాటిలే ఈ నాటకాలు చూసి, చదివి నేర్చుకున్నాడు. నువ్వూ ముందు నాటకాన్నే చూడు, సూత్రాలు తర్వాత.

ఈడిపస్ స్వభావం ఏమిటో వాడు చేసే ఎంపికల్లో ఉంది. ఆపేయమని టైరీసియస్ చెప్పాడు, జొకాస్టా కాళ్లావేళ్లా పడింది, గొర్రెల కాపరీ బతిమాలాడు. ఆగొచ్చు. ఆగడు. ఊళ్లో పిల్లలు తెగులుతో చచ్చిపోతున్నారు, వాళ్ల కోసం మొదలుపెట్టిన పని అది. మంచి రాజు కాబట్టి ఆగలేదు. మీ కుర్రాడికి ఇదొక్కటి ఎక్కితే కోపం దానంతటదే వస్తుంది.

పాత్రని కథ నుంచి ఎలా పుట్టిస్తారో ఇంకా బాగా తెలియాలంటే అదే కాలపు నాటకకర్త యూరిపిడిస్ ‘హిప్పాలిటస్’ చదువు. సవతి తల్లి, కొడుకు మీద మోహం, అబద్ధపు నేరారోపణ, తండ్రి తొందరపాటు. మన సారంగధరుడి కథ కళ్ల ముందు తిరుగుతుంది. యూరిపిడిస్ ఈ కథని రెండుసార్లు రాశాడు. మొదటి నాటకంలో సవతి తల్లి ఫీడ్రా సిగ్గు విడిచి ప్రవర్తించిందని జనానికి నచ్చలేదట, ఆ నాటకం ఇప్పుడు దొరకదు. క్రీ.పూ. 428లో రెండోసారి రాసినప్పుడు ఆమె నోరు మూసుకుని, తిండి మానేసి, చచ్చిపోదామనుకుంటుంది. దాది ఆమె రహస్యం లాగి, ఆమెని బతికించాలని వెళ్లి ఆ కొడుకు హిప్పాలిటస్‌కి చెప్పేస్తుంది. చెప్పేముందు వాడి చేత ఒట్టు వేయించుకుంది. తర్వాత తండ్రి తనను శపిస్తున్నా వాడు ఆ ఒట్టు తప్పలేదు. అదే మనిషి, అదే కథ. ఎవరు మాట్లాడాలి, ఎవరు మౌనంగా ఉండాలి అన్నది మార్చేసరికి ఫీడ్రా మనిషే మారిపోయింది. దానికి మొదటి బహుమతి వచ్చింది.

ఇప్పుడు జొకాస్టా. ఈ ఉత్తరంలో ఇదొక్కటే గుర్తుపెట్టుకున్నా చాలు. కోరింత్ మనిషి ఈడిపస్‌తో మాట్లాడుతున్నంతసేపూ ఆమె పక్కనే నిలబడి ఉంటుంది. సుమారు 70 పంక్తులు నోరు విప్పదు. కొండ మీద దొరికావంటాడు, మడమల సంగతి చెబుతాడు, లేయస్ మనిషి దగ్గర తీసుకున్నానంటాడు. వాళ్లిద్దరూ ఒకరికొకరు చెప్పుకుంటున్న మాటలు ఆమెకి ఒక్కొక్కటే తగులుతున్నాయి. ఆ రోజుల్లో నటులు మాస్కులు పెట్టుకునేవారు, ముఖంలో ఏమీ కనపడదు. చేతులు, భుజాలు, నిలబడ్డ తీరు, అంతే. తర్వాత ఇక అడగొద్దని వేడుకుంటుంది. తను తక్కువ కులంలో పుట్టానేమోనని రాణికి నామోషీగా ఉందనుకుంటాడు ఈడిపస్. నువ్వెవరో నీకు ఎప్పటికీ తెలియకూడదు అంటుంది. అభాగ్యుడా, నిన్ను పిలవడానికి నాకు ఈ ఒక్క మాటే మిగిలింది, ఇంకేమీ లేదు, అని లోపలికి వెళ్లిపోతుంది.

నలభై ఏళ్ల కిందట నేను ఈ నాటకం వేసినప్పుడు అక్కడ జొకాస్టా చేత పెద్ద కేక పెట్టించి, జుట్టు విరబోసుకుని పరిగెత్తించాను. హాలంతా చప్పట్లు. కానీ తర్వాత గొర్రెల కాపరి వచ్చేసరికి జనం లేచి నిలబడుతున్నారు, చెప్పులు వెతుక్కుంటున్నారు. ఆ కేకతో నాటకం అయిపోయింది వాళ్లకి. అసలు సీను ఎవరూ వినలేదు. ఆ రాత్రి లారీలో సెట్టు సామాన్ల మీద కూర్చుని వస్తూ నాకు అర్థమైంది. ఆమె వెళ్లాక మిగలాల్సింది నిశ్శబ్దం. ఈ నిశ్శబ్దంలోంచి ఏం బద్దలవుతుందోనని కోరస్, అంటే కలిసి పాడే ఊరి పెద్దల బృందమే భయపడుతుంది.

ఇందులో ఒక సాంకేతికమైన కిటుకు కూడా ఉంది. సొఫోక్లిస్‌కి మాట్లాడే నటులు ముగ్గురే. ఆయనకన్నా ముందుతరం నాటకకర్త ఈస్కిలస్ రెండో నటుణ్ణి తెచ్చాడు, మూడోవాణ్ణి ఈయనే తెచ్చాడు. ఈడిపస్, కోరింత్ మనిషి స్టేజి మీదే ఉండగా గొర్రెల కాపరి రావాలంటే జొకాస్టా వెళ్లక తప్పదు. ఉన్న ఇబ్బందినే ఆయన ఆమె చావుకి దారి చేశాడు. మీకు కూడా నటులు తక్కువని బాధపడుతున్నావు కదా, బాధపడకు.

ఆమె వెళ్లగానే కోరస్ ఏం పాడుతుందో చూశావా? సంతోషంగా పాడుతుంది. మన రాజు ఏ దేవుడికో వనకన్యకో పుట్టాడేమోనని, పసివాణ్ణి పారేయించిన సిథైరాన్ కొండని పొగుడుతూ. మీ స్క్రిప్టులో ఆ పాట కొట్టేశారు. దయచేసి తిరిగి పెట్టు. గంటన్నరలో ముగించాలన్న నిబంధన ఉందన్నావు, క్రియోన్‌తో గొడవ కొంచెం తగ్గించుకో, ఈ పాట ముట్టుకోకు. పదిహేను మంది కోరస్ అక్కర్లేదు, అయిదుగురు చాలు. వాళ్లని బుర్రకథ వంతల్లా మార్చకు. వంతలు కథకుడికి ఊతమిస్తారు. వీళ్లు థీబ్స్ ఊరి పెద్దలు, తెగులు వాళ్ల ఇళ్లలో ఉంది.

జొకాస్టా ఉరి, ఈడిపస్ కళ్లు పొడుచుకోవడం స్టేజి మీద చూపించొద్దు. లోపలి నుంచి ఒక సేవకుడు వచ్చి చెబుతాడు, ఆమె బట్టలకున్న బంగారు పిన్నులు పీకి ఈడిపస్ ఏం చేశాడో. చావుని రంగం మీద చూపకూడదన్నది మన సంస్కృత నాటకాల్లోనూ ఉన్న కట్టుబాటే. ఆ సేవకుడికి లైటు మార్చొద్దు, వెనక సంగీతం పెట్టొద్దు. కదలకుండా నిలబడి చెప్పాలి. జనం తమ మనసులో చూస్తారు.

ఏథెన్స్ పోటీలో సొఫోక్లిస్ ఈ నాటకంతో కలిపి వేసిన నాటకాలకి ఆ ఏడు మొదటి బహుమతి రాలేదని, ఈస్కిలస్ మేనల్లుడు ఫిలోక్లిస్ గెలిచాడని పాతకాలంవాళ్లే రాసి పెట్టారు. పోటీ ఫలితాల గురించి మీ వాళ్లు ఇప్పటి నుంచే ఆందోళన పడుతుంటే ఈ సంగతి వాళ్లకి చెప్పు.

ఇక ఏడుపు. ఈడిపస్ గుడ్డివాడై బయటికొచ్చాక, క్రియోన్ చిన్నపిల్లలిద్దర్నీ తెప్పిస్తాడు. వాళ్ల గొంతులు విని తడుముకుంటూ చేతులు చాస్తాడు. అక్కడ రానివ్వు. అంతకుముందు ఎక్కడా వద్దు.

మొదటి రిహార్సల్ జొకాస్టా వెళ్లిపోయే సీనుతో పెట్టుకో. వచ్చే నెల మొదటి ఆదివారం నేను వస్తున్నాను, ఆ గళ్ల కాగితం గోడకి అంటించి ఉంచు. అమ్మని అడిగానని చెప్పు.

మీ మామయ్య