యాప్‌లో అంతా నార్మల్, నేల మీద ఉప్పునీళ్లు

ప్రశ్న: ఇంట్లో సముద్రపు చేపల ట్యాంకు ఉంది సార్. మొన్న రాత్రి కరెంటు పోయి వచ్చాక ప్రొటీన్ స్కిమ్మర్ (నీళ్లలోని వ్యర్థాలను నురగగా తీసే పరికరం) కప్పు నిండి పొర్లింది, కింద క్యాబినెట్ అంతా తడిసింది. ఫోన్‌లో యాప్ మాత్రం 'నార్మల్' అనే చూపిస్తోంది. అంతకు కొద్ది రోజుల ముందు స్కిమ్మర్ పంపు ఏదో అప్‌డేట్ అడిగితే చేశాను. యాప్ సమస్యా, స్కిమ్మర్ మార్చాలా?
- విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఏదీ మార్చక్కర్లేదు, ముందు కప్పు తీసి కడగండి. ఈ ఫిర్యాదు కొద్ది తేడాలతో వస్తూనే ఉంది. అందరూ యాప్ గురించి పేరాలు పేరాలు రాస్తారు గానీ, కప్పు కింద ఉండే మెడ లోపల ఆఖరిసారి ఎప్పుడు తుడిచారో ఒక్కరూ రాయరు.

పొర్లడానికి అసలు కారణం కరెంటే. కరెంటు పోగానే నీటిని పైకి పంపే మోటారు ఆగుతుంది, పై ట్యాంకులో అదనంగా ఉన్న నీళ్లు కింద సంప్‌లోకి, అంటే స్కిమ్మర్ ఉండే తొట్టిలోకి దిగుతాయి, అక్కడ మట్టం పెరుగుతుంది. కరెంటు రాగానే ఆ మోటారూ, స్కిమ్మర్ మోటారూ ఒకేసారి లేస్తాయి. సంప్ మట్టం ఇంకా తగ్గకముందే స్కిమ్మర్ లోతు నీళ్లలో పని మొదలుపెడితే నురగకి బదులు నీళ్లే కప్పులోకి ఎక్కేస్తాయి. స్కిమ్మర్ ఒక పది నిమిషాలు ఆలస్యంగా ఆన్ అయ్యేలా టైమర్ పెట్టండి చాలు. కరెంటు కోతలు మామూలైన చోట అమ్మే పరికరంలో ఈ ఆలస్యం ముందే పెట్టి ఇవ్వాలన్న ఆలోచన ఎవరికీ రాదు, లైట్ల రంగులు మార్చే బటన్లు మాత్రం పదహారు రకాలు ఇస్తారు. మీ అప్‌డేట్ మీద కూడా నాకు అనుమానమే. అప్‌డేట్ తర్వాత పంపు వేగం ఫ్యాక్టరీ సెట్టింగ్‌కి పోయిందేమో చూడండి. నడుస్తున్న మోటారు వేగాన్ని చెప్పాపెట్టకుండా మార్చేసే అప్‌డేట్ అయితే అది రాకపోవడమే మేలు.

ఇంకో సంగతి వెంటనే చూసుకోండి. పొర్లిపోయింది ఉప్పునీరు. దాని స్థానంలో ఆటో టాప్ అప్ (మట్టం తగ్గితే తనంతట తానే నీళ్లు నింపే పరికరం) పోసింది మామూలు ఆర్వో నీరు. అంటే ఉప్పు శాతం పడిపోయి ఉంటుంది. పగడాలు ఉన్న ట్యాంకుకి సాంద్రత 1.025 దగ్గర ఉండాలి, తగ్గితే ఒక్క దెబ్బలో కాకుండా నెమ్మదిగా పెంచండి.

ఇక శుభ్రం చేయడం. చేపల వ్యర్థాలు, మిగిలిన తిండిలోని జిడ్డు పదార్థాలు సన్నటి గాలి బుడగలకు అంటుకుని నురగగా పైకి ఎక్కుతాయి, స్కిమ్మర్ చేసేదంతా అదే. ఆ నురగ ఎక్కే దారిలో, అంటే మెడ గోడలకి, గోధుమ రంగు జిడ్డు పట్టిందంటే నురగ మధ్యలోనే విరిగి కిందికి జారుతుంది. కాబట్టి రెండు మూడు రోజులకోసారి కప్పు, మెడ మామూలు నీళ్లతో బ్రష్ పెట్టి తోమాలి. సబ్బు, గిన్నెలు తోమే లిక్విడ్ దగ్గరికి రానివ్వొద్దు, కాస్త మిగిలినా నురగ పట్టపగ్గాల్లేకుండా పొంగుతుంది. గాలి పీల్చే సన్నటి పైపు చివర ఉప్పు గడ్డకట్టి సగం మూసుకుపోతుంది, శబ్దం మారి బుడగలు పలచబడితే అదే గుర్తు. వేడినీళ్లు పట్టిస్తే కరిగిపోతుంది. పంపుని రెండు మూడు నెలలకోసారి విప్పి, ఇంపెల్లర్‌తో (లోపల తిరిగే చిన్న రెక్కల చక్రం) సహా సగం నీళ్లు సగం వినెగర్‌లో నానబెట్టండి, లేదా నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో. తెల్లటి సున్నపు పొర దానంతట అదే వదులుతుంది. సిరామిక్ ఇరుసు జాగ్రత్త, ఇట్టే విరుగుతుంది. వినెగర్‌లో బ్లీచింగ్ మాత్రం ఎప్పుడూ కలపకండి, క్లోరిన్ వాయువు వస్తుంది. కడిగి బిగించాక ఒకటి రెండు రోజులు నురగ సరిగా రాకపోయినా టెన్షన్ పడి సెట్టింగులు తిప్పేయొద్దు.

మీరు అడగలేదు గానీ, నన్ను ఎక్కువ భయపెట్టేది ఆ పంపు వైఫైకి కనెక్టయి ఉండటం. 2017లో డార్క్‌ట్రేస్ అనే భద్రతా సంస్థ ఒక సంఘటన బయటపెట్టింది. ఉత్తర అమెరికాలో ఒక కేసినోలో ఇంటర్నెట్‌కి కలిపిన అక్వేరియం పరికరం గుండా హ్యాకర్లు లోపలి నెట్‌వర్క్‌లోకి దూరారు, సుమారు 10 జీబీ డేటా ఫిన్లాండ్‌లోని ఒక పరికరానికి వెళ్లిపోయింది. మీ చేపలతో ఎవరికీ పనిలేదు. అదే రౌటర్ మీద మీ ల్యాప్‌టాప్, ఇంట్లో కెమెరా, బ్యాంకు పనులు చేసే ఫోన్ ఉన్నాయి, వాటితో పని ఉంది. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ లక్షల కెమెరాలనూ రౌటర్లనూ చేజిక్కించుకున్నది కూడా కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్‌ని ఎవరూ మార్చకపోవడం వల్లే.

అందుకే రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ (మీ ఫోన్, ల్యాప్‌టాప్ ఉన్న వైఫైకి వేరుగా ఉండే రెండో వైఫై) ఆన్ చేసి పంపు, స్మార్ట్ ప్లగ్, ట్యాంకు లైటు అన్నీ అందులో పడేయండి. యాప్‌కి మీ మెయిల్ పాస్‌వర్డే పెట్టారా? ఇప్పుడే మార్చండి. చాలామంది పట్టించుకోని సంగతి ఇంకోటుంది: ట్యాంకు పెట్టడానికి వచ్చిన షాపు కుర్రాడు తన మెయిల్‌తోనే అకౌంటు తెరిచి వెళ్లాడేమో చూసుకోండి, అలా అయితే మీ ఇంట్లో పంపుకి యజమాని అతనే. ఫ్యాక్టరీ రీసెట్ చేసి మీ పేరున మళ్లీ మొదలుపెట్టండి. ఆ తర్వాత రౌటర్ ఆపి, స్కిమ్మర్ తన పాటికి తాను నడుస్తోందా చూడండి. నడవకపోతే దాన్ని అమ్మినవాళ్లకి తిరిగిచ్చేయండి. ఎక్కడో ఉన్న సర్వర్ పలికితేనే తిరిగే మోటారు అసలు ఎందుకు తయారవుతోందో నాకు అర్థం కాదు. గోడ మీద స్విచ్చు, వేగం తిప్పే చిన్న నాబ్ చేసే పనికి లాగిన్లు, లొకేషన్ పర్మిషన్లు, నెలకో అప్‌డేట్. ఇంత హంగామా చేసి కప్పు నిండిందో లేదో తెలిపే చిన్న ఫ్లోట్ స్విచ్ మాత్రం విడిగా కొనుక్కోమంటారు! మీ యాప్ 'నార్మల్' అన్నది పంపు తిరుగుతోందని మాత్రమే, నీళ్లు ఎక్కడికి పోతున్నాయో దానికి తెలిసే దారి లేదు. ఆ ఫ్లోట్ స్విచ్ మాత్రం కొనండి, కప్పు నిండగానే పంపు ఆగుతుంది.

క్యాబినెట్ తడిసిందన్నారు కాబట్టి ఈ రోజే ఒక పని: లోపల కింద ఉన్న ప్లగ్గు బోర్డుని పైకి, పక్క గోడకి మార్చండి, వైర్లు ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్లీ పైకెక్కేలా వదలండి. ఇంట్లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) లేకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. అప్పటిదాకా అన్ని ప్లగ్గులూ పీకకుండా ఆ నీళ్లలో చెయ్యి పెట్టొద్దు.