బుజ్జికి మావయ్య రాస్తున్న కోర్టు సంగతులు

చి. బుజ్జికి మావయ్య ఆశీస్సులు.

ఎనిమిది నుంచి పన్నెండేళ్ల పిల్లలకి బాస్కెట్‌బాల్ నేర్పబోతున్నావట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నా మేనకోడలు కోచ్ అవుతోందని వీధంతా చెప్పుకొచ్చాను. రాత్రయ్యేసరికి బెంగ పట్టుకుంది. పాతికమందిని ఒక్కదానివే ఎలా చూస్తావే?

సామాను సంగతి నీకు తెలిసిందే. 5వ నంబరు బంతులు, 2.60 మీటర్ల ఎత్తులో రింగు. పెద్దవాళ్ల 3.05 మీటర్ల రింగు చూపించి వెయ్యమంటే పసివాడు నడుం వంచి భుజం మీంచి విసురుతాడు, ఆ అలవాటు ఓ పట్టాన వదలదు.

అసలు చెప్పాల్సింది వేరే ఉంది. నేను జిల్లా జట్టుకి ఆడే రోజుల్లో మాకో కోచ్ ఉండేవారు. పోయినవారు, పేరెందుకులే. రోజూ ఇటుకలు వరుసగా పేర్చి వాటి మధ్యనుంచి డ్రిబ్లింగ్, అదే బంతిని నేలకి కొట్టుకుంటూ వెళ్లడం, చేయించేవారు. గీత బయట నిలబడి "ఎడమకి! పాస్! షూట్!" అని ఒకటే కేకలు. ప్రాక్టీసులో మా అంత అందంగా ఆడే జట్టు లేదు. అంతర్ జిల్లాల పోటీకి వెళ్లాం. అక్కడ ఈలలు, డప్పులు. ఆయన గొంతు మాదాకా రాలేదు. మా పాయింట్ గార్డు, అంటే బంతి తెచ్చి ఆట నడిపించేవాడు, బంతి పట్టుకుని బెంచీ వైపు చూస్తూ నిలబడిపోయాడు. ఎదుటివాడు వాడి చేతిలోంచి లాక్కుపోయాడు. ఒకసారి కాదు, ఆ పూటంతా అదే తంతు. ఇటుక కదలదు కదా, మనిషి కదులుతాడు! చేతులకి పని వచ్చింది, కళ్లకి రాలేదు. ఆ రాత్రి మమ్మల్ని చెడామడా తిట్టిన మనిషి, తెల్లారి చేసిందేమిటో తెలుసా? ఇంకో నాలుగు ఇటుకలు తెప్పించారు.

అందుకే మొదటి రోజు నుంచే వాళ్ల తల పైకెత్తించు. వాళ్లు డ్రిబ్లింగ్ చేస్తుంటే ఎదురుగా నిలబడి వేళ్లు చూపించు, ఎన్ని వేళ్లో వాళ్లు గట్టిగా చెప్పాలి. తర్వాత ఎర్ర గుడ్డ ఎత్తితే ఆగాలి, పచ్చగుడ్డకి దిశ మార్చాలి. అలవాటు పడ్డారనుకోగానే నియమం తిప్పెయ్యి. కాలు ముందుకు పడబోతుంటే ఆపుకోవడం కూడా విద్యే. రంగులు పెరిగేకొద్దీ నిర్ణయం ఆలస్యమవుతుంది, కాబట్టి రెండింటితోనే మొదలుపెట్టు. ఆపైన ముగ్గురితో ముగ్గురిని ఆడించు. అయిదుగురేసి ఆడితే బిడియస్తురాలికి బంతే అందదు. నువ్వు మాత్రం అరవకు. ఆట ఆపి "నీకేం కనిపించింది?" అని అడుగు.

ఒకేచోటి నుంచి వరసగా షాట్లు వేయిస్తే తల్లిదండ్రులు మెచ్చుకుంటారు. పాస్, లేఅప్ (పరిగెత్తుకొచ్చి రింగు దగ్గర ఎగిరి వేసేది), షాట్ కలగలిపి చేయిస్తే తప్పులు కనబడి గొణుగుతారు. గొణగనీ. షియా, మోర్గాన్ అనే ఇద్దరు 1979లో చేతి కదలికల మీద ప్రయోగం చేశారు. కలగలిపి నేర్చినవాళ్లు నేర్చుకునేటప్పుడు వెనకబడ్డారు గానీ, పది రోజుల తర్వాత వాళ్లకే బాగా గుర్తుంది. వెలిగిన లైటుని చప్పున చేత్తో తాకే బోర్డులు కొనమని ఎవరైనా వస్తే మర్యాదగా పంపించెయ్యి. వాటితో ఆ బోర్డు మీద చేతివేగం పెరుగుతుందేమో, ఆటలో ఎదుటివాడు లైటు వేసుకుని రాడు.

ఇక మోకాళ్లు. నవ్వకు. నీకు ఆపరేషన్ అయిన రోజు థియేటర్ బయట మీ అమ్మ మొహం నాకింకా కళ్లకి కట్టినట్టుంది. బంతి ముట్టుకోకముందే రోజూ పది నిమిషాలు దూకి దిగడం నేర్పు. రెండు కాళ్ల మీద, మోకాళ్లు వంచి, లోపలికి ఒరగకుండా, చప్పుడు కాకుండా. ఆడపిల్లల విషయంలో మరీ జాగ్రత్త. వాళ్లు ఇంచుమించు పన్నెండో ఏట, మగపిల్లలు పద్నాలుగో ఏట గబగబా పొడుగవుతారు. నిన్న వచ్చిన లేఅప్ ఇవాళ రాదు. బద్ధకం అనుకుని తిట్టకు, కాళ్లూ చేతులూ కొత్తవైపోయాయి పాపం. మోకాలిచిప్ప కింద నొప్పంటే ఆ వారం దూకుళ్లు మాన్పించు, వాళ్ల నాన్న ఎంత బతిమాలినా సరే. తగ్గకపోతే డాక్టరుకి చూపించమను. సిమెంటు కోర్టన్నావు కదా, దూకుళ్లు లెక్కపెట్టే చేయించు.

రింగు స్తంభానికి పాత పరుపు చుట్టించు, లేఅప్ వేసిన పిల్లలు నేరుగా దాన్నే గుద్దుకుంటారు. మా ఇంట్లో రెండున్నాయి, ఆటోలో పంపిస్తాను. బంతులకి డబ్బు చాలకపోతే మొహమాటపడకుండా చెప్పు. మీ అమ్మకి తెలియనివ్వకు.

ఇట్లు,
మావయ్య